మన తీరం బట్ట, బండా దీవుల జాజికాయ: డచ్చి కంపెనీ 1621లో చేసిన పని గురించి

బందరుకోట:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఒక అనుమానం, ఇక్కడ చరిత్ర బాగా చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా బందరు కోట దగ్గర డచ్చి వాళ్ల సమాధులున్నాయి, భీమిలిలో ఉన్నాయి, పులికాట్‌లో ఉన్నాయి. స్కూలు పుస్తకంలో మాత్రం "పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లు వ్యాపారం కోసం వచ్చారు" అని ఒక్క వాక్యం, ఆ తర్వాత నేరుగా ప్లాసీ యుద్ధం. డచ్చి వాళ్లు మన తీరంలో రెండొందల ఏళ్లకు పైగా ఉన్నారు కదా, అంతకాలం ఏం కొన్నారు, ఎక్కడ అమ్మారు? మసాలాల కోసం వచ్చారంటారు, మసాలాలు పండేది కేరళలోనో ఇండోనేషియాలోనో కదా, బందరులో వాళ్లకేం పని?

గుంటూరుకారం:
లడ్డూ కోసం వచ్చుంటారు బ్రదర్ :) జోకు పక్కన పెడితే నాకూ తెలీదు. ఫాలో అవుతున్నా.

పాతపటాలు:
జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే బట్ట. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

1600 ప్రాంతంలో ఐరోపా వాళ్ల దగ్గర ఆసియాలో ఎవరూ ఎగబడి కొనే సరుకు లేదు. ఉన్ని బట్ట పట్టుకుని భూమధ్యరేఖ దగ్గరికి వెళ్తే ఎవరు కొంటారు? వాళ్ల చేతిలో ఉన్నది వెండి ఒక్కటే, అందులోనూ చాలా భాగం స్పెయిన్ వాళ్లు దక్షిణ అమెరికాలో పొటోసీ కొండ దగ్గర స్థానిక జనంతో బలవంతంగా తవ్వించింది, చేతులు మారి వచ్చింది. లవంగం, జాజికాయ పండే మలుకు, బండా దీవుల (ఇప్పటి ఇండోనేషియా తూర్పు భాగం) వాళ్లకి కావలసింది బియ్యం, బట్ట. ఆ బట్ట గుజరాత్ నుంచీ మన కోరమాండల్ తీరం నుంచీ ఎప్పటినుంచో వెళ్తూనే ఉంది, మోసుకెళ్లేది మన కోమట్లు, చులియాలు (తమిళ ముస్లిం వర్తకులు), గుజరాతీలు, జావా వాళ్లు, ఇంకా చాలామంది.

డచ్చి వాళ్లు 1602లో కంపెనీ పెట్టారు (వీఓసీ అంటారు, నేనూ అలాగే రాస్తా). 1605కల్లా మచిలీపట్నంలో దిగారు, 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర ఫర్మానా తెచ్చుకున్నారు, నిజాంపట్నంలో ఇంకో గిడ్డంగి పెట్టారు. పులికాట్ అప్పుడు చంద్రగిరి రాజు రెండో వేంకటపతి కింద ఉండేది, ఆయన అనుమతితో 1610లో అక్కడికి వెళ్లి 1613 నాటికి గెల్డ్రియా కోట లేపారు. ఇంతా ఎందుకంటే, ఇక్కడ బట్ట కొని అక్కడ జాజికాయకు మార్చి, ఆ జాజికాయ ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మడానికి. హెండ్రిక్ బ్రౌవర్ అనే వీఓసీ అధికారి 1612లో పైవాళ్లకు రాశాడు, కోరమాండల్ తీరం మలుకు దీవులకు ఎడమ చెయ్యి, ఆ బట్టలు లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టే అని.

కాబట్టి మీ ఊరి సమాధుల కథ సగం మీ ఊళ్లో ఉంది, మిగతా సగం బండా దీవుల్లో ఉంది. అది ఇంకా చేదుగా ఉంటుంది.

మసాలాడబ్బా:
చెప్పండి చెప్పండి. జాజికాయ, జాపత్రి రెండూ ఒకే చెట్టువి అని తెలుసు (గింజ జాజికాయ, దాని మీద ఎర్రటి వలలా ఉండేది జాపత్రి). మా అమ్మమ్మ పసిపిల్లలకి నిద్ర పట్టడానికి అరగదీసి నాకించేది. దాని కోసం యుద్ధాలు చేశారంటే నమ్మబుద్ధి కావట్లేదు, బిర్యానీకి చిటికెడు సరిపోతుంది కదా.

పాతపటాలు:
చిటికెడు చాలుతుంది కాబట్టే వాళ్లకి లాభం అండీ. ఓడలో తక్కువ చోటు పడుతుంది, ఏళ్ల తరబడి చెడిపోదు, ఐరోపాలో మందుగా కూడా వాడేవాళ్లు, ప్లేగుకు పనిచేస్తుందని నమ్మినవాళ్లూ ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, అప్పట్లో ప్రపంచం మొత్తానికి జాజికాయ వచ్చేది ఒక్క బండా నుంచే. మ్యాపులో వెతకాలంటే భూతద్దం కావాలి, పదో పదకొండో చిన్న దీవులు, మధ్యలో ఒక అగ్నిపర్వతం. లోంథోర్, నెయిరా, ఐ, రన్ అనేవి ముఖ్యమైనవి.

అక్కడ రాజు లేడు. ఊరి పెద్దలు ఉండేవాళ్లు, ఒరాంగ్ కాయ అంటారు, వాళ్లే కూర్చుని బేరాలు మాట్లాడేవాళ్లు. జాజికాయ తప్ప తిండి పెద్దగా పండదు, బియ్యం, సగ్గు అన్నీ బయటినుంచే. 1512లో పోర్చుగీసు వాళ్లు వచ్చారు, కొన్నారు, వెళ్లారు, దీవుల మీద పెత్తనం మాత్రం సంపాదించలేకపోయారు. 1599లో డచ్చి వాళ్లు వచ్చాక అసలు తగువు మొదలైంది. "జాజికాయ మాకే అమ్మాలి, మేం చెప్పిన ధరకే అమ్మాలి" అని ఒప్పందాలు రాయించుకున్నారు. కొందరు పెద్దలు సంతకం పెట్టారు, కొందరు పెట్టలేదు, పెట్టినవాళ్లు కూడా పాటించలేదు. ఎలా పాటిస్తారు? బియ్యం తెచ్చే జావా వర్తకుడికి జాజికాయ ఇవ్వకపోతే వాడు బియ్యం ఎందుకు తెస్తాడు? డచ్చి వాడు చాలినంత తిండి తేడు, ధర తక్కువిస్తాడు, పైగా వేరేవాడికి అమ్మితే ద్రోహం అంటాడు.

1609లో వెర్‌హూఫెన్ అనే డచ్చి అడ్మిరల్ నెయిరాలో కోట కట్టడం మొదలుపెడితే బండా వాళ్లు చర్చలకని పిలిచి ఆయన్నీ, వెంట వచ్చినవాళ్లనీ చంపేశారు. ఇది దాచాల్సిన పని లేదు, జరిగింది. ఆ దండులో యాన్ పీటర్‌జూన్ కూన్ అనే కుర్ర వ్యాపారి ఒకడున్నాడు. పదేళ్లు తిరిగేసరికి అతనే గవర్నర్ జనరల్. 1619లో జయకర్త ఊరిని తగలబెట్టి ఆ బూడిద మీద బటావియా కట్టాడు, ఇప్పటి జకార్తా అదే. యుద్ధం లేకుండా వ్యాపారం నడవదు, వ్యాపారం లేకుండా యుద్ధం నడవదు అని 1614లోనే కంపెనీ పెద్దలకు ఉత్తరం రాసిన మనిషి.

1621లో ఓడల దండు వేసుకుని బండాకు వెళ్లాడు. పదహారొందల పైచిలుకు డచ్చి సైనికులు, వాళ్లతో జపాన్ నుంచి కూలికి తెచ్చిన కత్తి మనుషులు. లోంథోర్ పడిపోయింది. ఊళ్లు కాల్చారు, పడవలు తగలబెట్టారు. కొండల మీదికి పారిపోయినవాళ్లకి తిండి అందకుండా చుట్టుముట్టారు, లొంగడం ఇష్టంలేక కొండ మీంచి దూకినవాళ్లూ ఉన్నారు. మే 8న 44 మంది పెద్దల్ని డచ్చి వాళ్ల నసావు కోట దగ్గర వెదురు కంచెలో నిలబెట్టి జపాన్ వాళ్ల చేత తలలు నరికించారు. ఆ రోజు అక్కడున్న ఒక డచ్చి అధికారే ఇది రాసిపెట్టాడు, అతనికే కడుపులో తిప్పిందట. దాదాపు 15,000 మంది ఉన్న దీవుల్లో ఆ ఏడాది తర్వాత మిగిలింది వెయ్యిమంది ఉంటారని అంచనా. చంపినవాళ్లు, ఆకలితో పోయినవాళ్లు, బానిసలుగా బటావియాకు తోలినవాళ్లు, పడవలెక్కి కేయి దీవులకు, సెరామ్‌కు పారిపోయినవాళ్లు, అందరూ కలిపి.

చెట్లు మాత్రం అక్కడే ఉన్నాయి. వాటిని 68 ముక్కలుగా కోసి డచ్చి వాళ్లకి పంచారు. పని చేయడానికి బానిసల్ని వేరే చోట్ల నుంచి తెచ్చారు. పండిన జాజికాయ మొత్తం కంపెనీకే, కంపెనీ చెప్పిన ధరకే.

గుంటూరుకారం:
లడ్డూ జోకు వేసినందుకు ఇప్పుడు ఇబ్బందిగా ఉంది.

సూటిగా:
అన్నా రాసింది బాగుంది, కానీ ప్రతి థ్రెడ్‌లో తెల్లోడు రాక్షసుడు, మనవాళ్లు దేవుళ్లు అన్నట్టు నడుస్తుంది. యుద్ధంలో ఊళ్లు కాల్చడం, ఓడిపోయినవాళ్లని బానిసలుగా తోలడం అన్ని దేశాల రాజులూ చేశారు. రాజేంద్ర చోళుడు 1025లో ఓడలేసుకుని శ్రీవిజయ మీదికి పోలేదా? దానికి సినిమాల్లో విజిల్స్ వేస్తాం. డచ్చి వాడు చేస్తే వలసవాదం, చోళుడు చేస్తే గర్వకారణమా?

రిటైర్డ్_మాస్టారు:
సూటిగా బాబూ, ప్రశ్న సబబే. చోళుల దండయాత్రని మెచ్చుకోమని ఎవరూ అనలేదు, అక్కడా జనం చచ్చారు, దోపిడీ జరిగింది. అయితే రెండూ ఒకటే అనడానికి లేదు, ఎందుకో చెబుతాను.

చోళుడు కొట్టాడు, దోచాడు, వెళ్లిపోయాడు. కూన్ దీవుల్లో ఉన్న జనాన్ని తీసేసి కొత్త జనాన్ని తెచ్చిపెట్టాడు, అదీ ఒక్క పంట కోసం. భూమి ఒకడిది, పనిచేసేది వేరే దేశం నుంచి కొనుక్కొచ్చిన మనిషి, కొనేది ఒక్కటే కంపెనీ, తినేది పదివేల మైళ్ల అవతల ఇంకొకడు. అంతకుముందే బ్రెజిల్‌లో చెరకు, తర్వాత కరీబియన్‌లో చెరకు, కాంగోలో రబ్బరు, అన్నిచోట్లా ఇదే పద్ధతి కొద్ది తేడాలతో నడిచింది.

రెండోది, దీని వెనకాల రాజు లేడు, వాటాదారులు ఉన్నారు. వీఓసీకి యుద్ధం చేసే హక్కు, సంధి చేసుకునే హక్కు, కోటలు కట్టే హక్కు డచ్చి ప్రభుత్వం కాగితం మీద రాసిచ్చింది. 1602లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెయ్యిమందికి పైగా వాటాలు కొన్నారు, వాళ్లలో కంపెనీ డైరెక్టరు ఇంట్లో పనిమనిషి కూడా ఉంది, 100 గిల్డర్లు (డచ్చి డబ్బు) పెట్టింది. ఆవిడకి బండా ఎక్కడుందో తెలిసే అవకాశమే లేదు. డైరెక్టర్లు పదిహేడు మంది, బండా సంగతి విన్నాక కూన్‌ను కాస్త మందలించారు, ఇంత కఠినంగా ఉండాల్సింది కాదని. దీవుల్ని మాత్రం తిరిగి ఇవ్వలేదు, అతన్ని పక్కన పెట్టనూ లేదు, 1627లో మళ్లీ అతన్నే గవర్నర్ జనరల్‌గా పంపారు. రాజైతే కనీసం ఒక మనిషిని తిట్టుకోవచ్చు.

సూటిగా:
సరే మాస్టారు, ఆ పాయింట్ ఒప్పుకుంటా. అయితే ఇంకోటి అడుగుతా, దీనికీ సూటిగా చెప్పండి. ఆ జాజికాయ కొనడానికి వాడిన బట్ట మనది. ఫర్మానా ఇచ్చింది గోల్కొండ సుల్తాను, సుంకం తీసుకుంది ఆయనే. సరుకు సమకూర్చింది మన కోమట్లు, దళారులు. అంటే మనకీ అందులో వాటా ఉన్నట్టే కదా? దీని గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకు?

నేతకుటుంబం:
మాది పెడన వైపు, తాతల కాలం నుంచి మగ్గం, అద్దకం. "మనకీ వాటా" అంటే కాస్త కోపం వచ్చింది అన్నా, అందుకే రాస్తున్నా. వాటా ఎవరికి, ఎంత?

కంపెనీ నేరుగా నేతగాడి దగ్గరికి రాదు. మధ్యలో పెద్ద వర్తకుడు, వాడి కింద దళారి. వాళ్లు ముందుగా బయానా ఇస్తారు, నూలు కొనుక్కుని నేసి ఇవ్వాలి, చెప్పిన పొడవు, చెప్పిన రంగు. తేడా వస్తే తిప్పికొడతారు, బయానా అప్పుగా మారుతుంది. బియ్యం రేటు పెరిగినా గుడ్డ రేటు పెరగదు. మా వైపు ఎరుపు రంగుకి వాడే చిరివేరు కృష్ణా ఇసుక నేలల్లో దొరికేది బాగుంటుందని అప్పట్లో పేరు, నిజాంపట్నం ఎరుపు అంటే గిరాకీ. గిరాకీ ఉన్నంత మాత్రాన అద్దకం చేసినవాడు మేడ కట్టలేదు.

ఆ బట్టలు ఐరోపాలో కూడా బాగా అమ్ముడుపోయేసరికి ఇంగ్లండ్ ఏం చేసింది? 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం, అద్దకం బట్ట దిగుమతి కుదరదు, కట్టుకోవడం కూడా కుదరదు అని. మనం స్వేచ్ఛా వాణిజ్యం అని నేర్చుకున్నది వీళ్ల దగ్గరే!

పాతపటాలు:
నేతకుటుంబం గారు చెప్పింది కరెక్ట్. సూటిగా అడిగిందీ కొట్టిపారేసేది కాదు. గోల్కొండ, చంద్రగిరి, తంజావూరు, వీళ్లెవరూ డచ్చి వాడికి బానిసలు కాదు అప్పటికి. పైగా డచ్చి వాళ్లే సుంకం తగ్గించమని, హవల్దారు (సుల్తాను తరఫు రేవు అధికారి) వేధిస్తున్నాడని అర్జీలు పెట్టుకునేవాళ్లు. ఒకే కంపెనీ, ఒకే దశాబ్దం, బందరులో వంగి సలాం కొట్టింది, బండాలో తలలు నరికింది. తేడా బలంలో ఉంది. గోల్కొండకి సైన్యం ఉంది, బండాకి లేదు. వాళ్ల స్వభావం బందరులో మంచిదై బండాలో చెడ్డదైపోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇష్టం లేకపోయినా. మన తీరం నుంచి బట్ట ఒక్కటే వెళ్లలేదు, మనుషులూ వెళ్లారు. బండా ఖాళీ అయ్యాక, బటావియా కట్టుకునేటప్పుడు కూన్‌కి పనిమనుషులు కావాలి. కోరమాండల్‌లో కరువు వచ్చినప్పుడల్లా, యుద్ధం వచ్చినప్పుడల్లా పులికాట్ నుంచీ తీరంలో మిగతా రేవుల నుంచీ బానిసల్ని ఓడలెక్కించారు, ఆ శతాబ్దంలో వేల మందిని. కరువులో తిండి లేక పిల్లల్ని అమ్ముకున్నవాళ్లు, తమని తామే అమ్ముకున్నవాళ్లు, ఎత్తుకొచ్చినవాళ్లు. కొన్నది డచ్చి వాళ్లు, పోగుచేసి ఇచ్చింది ఇక్కడి దళారులు. డచ్చి వాళ్లే కాదు, పోర్చుగీసు వాళ్లు అంతకుముందు నుంచీ చేశారు, మద్రాసులో ఇంగ్లీషు వాళ్లూ చేశారు. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటించిన బానిసల గురించి అందరికీ తెలుసు, హిందూ మహాసముద్రంలో జరిగింది మన పుస్తకాల్లో కూడా దాదాపు లేదు.

బందరుకోట:
ఇది నాకు నిజంగా తెలీదు. మన భాష మాట్లాడేవాళ్లు కూడా వాళ్లలో ఉండి ఉంటారు కదా?

పాతపటాలు:
పులికాట్ చుట్టుపక్కల తెలుగు, తమిళం రెండూ నడిచేవి, కాబట్టి ఉండే ఉంటారు. బటావియా రికార్డుల్లో బానిసల పేర్ల వెనకాల "కోరమాండల్ వాడు" అని ఊరి పేరులా రాసేవాళ్లు, అసలు పేరు తీసేసి ఏదో క్రైస్తవ పేరో, ఇంకేదో పేరో పెట్టేసి. వాళ్ల మనవలు, మునిమనవలు అక్కడి జనంలో కలిసిపోయారు.

క్విజ్‌బాబు:
ఒక ట్రివియా. ఈ బండాలో రన్ అనే దీవి ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉండేది, దాన్ని డచ్చి వాళ్లకి ఇచ్చేసి బదులుగా న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ తీసుకున్నారు. జాజికాయ కోసం న్యూయార్క్ వదులుకున్న తెలివైనవాళ్లు డచ్చి వాళ్లు. లోల్.

పాతపటాలు:
ఈ కథ ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది. వినడానికి బాగుంటుంది కానీ నేరుగా అలా మార్చుకోలేదు. 1616లో నథానియల్ కోర్ట్‌హోప్ అనే ఇంగ్లీషాయన కొద్దిమందితో రన్ దీవిలో దిగి నాలుగేళ్లు డచ్చి వాళ్లని ఆపాడు, 1620లో చనిపోయాడు. 1664లో ఇంగ్లీషు వాళ్లు అమెరికాలో డచ్చి వాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ని లాక్కున్నారు. 1667లో బ్రెడా సంధిలో "ఎవరి చేతిలో ఉన్నది వాళ్లే ఉంచుకోండి" అన్నారు, అంతే. ఆ లెక్కన రన్ డచ్చి వాళ్లకి, మాన్‌హాటన్ ఇంగ్లీషు వాళ్లకి మిగిలాయి. ఆ సంధిలో డచ్చి వాళ్లకి అసలు లాభంగా కనిపించింది దక్షిణ అమెరికాలోని సురినామ్, అప్పుడే ఇంగ్లీషు వాళ్ల నుంచి కొట్టేసిన చెరకు తోటల దేశం. అక్కడ 1863లో బానిసత్వం రద్దు చేసి, ఇంకో పదేళ్లు ప్రభుత్వ నిఘాలో అదే తోటల్లో పని చేయించి, 1873 నుంచి కలకత్తా ఓడల్లో మనవాళ్లని (ఎక్కువగా భోజ్‌పురి వాళ్లని) ఒప్పందం కూలీలుగా దించారు, 1890 నుంచి జావా వాళ్లని కూడా. మ్యాపు మీద ఆ గీతలన్నీ చూస్తే తల తిరుగుతుంది.

"మాన్‌హాటన్ మార్చుకున్నారు" అని నవ్వుకునేటప్పుడు రెండు వైపులా అసలు యజమానులు ఆ బల్ల దగ్గర లేరని గుర్తుంచుకోండి. బండా వాళ్లూ లేరు, మాన్‌హాటన్‌లో ఉన్న లెనాపే జనమూ లేరు.

రిటైర్డ్_మాస్టారు:
దీనికి మన వైపు కొనసాగింపు ఉంది, అది చెప్పకపోతే బందరుకోట బాబు ప్రశ్నకి జవాబు పూర్తవదు. 1623లో మలుకు దీవుల్లోని అంబోయినాలో డచ్చి వాళ్లు కుట్ర చేస్తున్నారన్న నెపంతో పదిమంది ఇంగ్లీషు వాళ్లని, వాళ్లతోపాటు కొందరు జపాన్ వాళ్లని చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ తర్వాత ఇంగ్లీషు కంపెనీకి మసాలా దీవుల్లో చోటు లేకుండా పోయింది, చూపు ఇండియా వైపు మళ్లింది. 1611 నుంచే బందరులో ఉన్నారు. అక్కడ అధికారులతో పడక 1626లో ఆర్మగాన్‌లో, అంటే మన పాత నెల్లూరు జిల్లా దుగరాజపట్నం దగ్గర, చిన్న కోట పెట్టారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే అతను బట్ట ఇంకా చవగ్గా దొరికే చోటు కోసం దక్షిణంగా వెళ్లి, 1639లో అక్కడి స్థానిక పాలకులైన దామెర్ల నాయకుల దగ్గర ఇసుక దిబ్బ లాంటి ఒక పల్లె సంపాదించాడు. అదే మద్రాసు. జాజికాయ దీవుల్లోంచి గెంటేశారు కాబట్టి ఇక్కడ పాతుకున్నారని మొత్తం కథని ఆ ఒక్క కారణానికే కట్టేయను, కానీ ఆ దెబ్బ లేకపోతే ఇంగ్లీషు వాళ్ల దృష్టి ఇంత గట్టిగా మన మీద పడేది కాదేమో.

డెల్ఫ్ట్_నుంచి:
చాలా రోజులకి మంచి థ్రెడ్. నేను నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నా, ఇక్కడ దీని గురించి ఏమనుకుంటారో చెప్తా.

హూర్న్ అనే ఊరు కూన్ పుట్టిన ఊరు. నడిబొడ్డున 1893లో పెట్టిన అతని నిలువెత్తు విగ్రహం ఉంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని. 2011లో ఒక క్రేన్ తగిలి కింద పడింది. పడినప్పుడు మళ్లీ నిలబెట్టాలా వద్దా అని పెద్ద గొడవ, చివరికి నిలబెట్టారు, కింద ఫలకంలో విమర్శలు కూడా ఉన్నాయని చేర్చారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నేను తరచూ వెళ్లే సొరంగ మార్గానికి కూడా ఇతని పేరే. 2006లో అప్పటి ప్రధాని బాల్కెనెండె పార్లమెంటులో "ఆ వీఓసీ మనస్తత్వం మనకి మళ్లీ రావాలి" అన్న అర్థంలో ఉత్సాహంగా మాట్లాడాడు, బాగా తిట్లు తిన్నాడు. ఆఫీసులో నా డచ్చి కొలీగ్స్‌కి వీఓసీ అంటే మొదటి షేర్ మార్కెట్, ఓడలు, రెంబ్రాంట్ కాలం. బండా పేరు తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లు మాత్రం బాగా సిగ్గుపడతారు.

గత కొన్నేళ్లలో మార్పు వచ్చింది. 2020లో రాజు ఇండోనేషియా వెళ్లి హింసకు క్షమాపణ చెప్పాడు, 2022 డిసెంబరులో అప్పటి ప్రధాని రుట్టె బానిసత్వానికి ప్రభుత్వం తరఫున చెప్పాడు, 2023 జులైలో రాజు కూడా. అదే ఏడాది మ్యూజియాల్లో ఉన్న 478 వస్తువుల్ని ఇండోనేషియాకి, శ్రీలంకకి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

సూటిగా:
క్షమాపణతో కడుపు నిండుతుందా అన్నా? డబ్బు సంగతి చెప్పు.

డెల్ఫ్ట్_నుంచి:
డబ్బు సంగతి చెప్తే ఇంకా కోపం వస్తుంది తమ్ముడూ.

1830 నుంచి జావాలో ఒక పద్ధతి పెట్టారు, ప్రతి ఊరు భూమిలో ఐదో వంతు ప్రభుత్వం చెప్పిన పంటకి ఇవ్వాలి, కాఫీ, చెరకు, నీలిమందు. కాగితం మీద ఐదో వంతు, నిజంగా చాలా చోట్ల అంతకన్నా ఎక్కువ, పైగా రైతు చాకిరీ వేరే. 1850ల్లో డచ్చి ప్రభుత్వ ఆదాయంలో దాదాపు మూడో వంతు దీన్నుంచే వచ్చింది. ఇక్కడి రైలు మార్గాలు, కాలవలు ఆ డబ్బుతో వేసినవే చాలా. మన దగ్గర "తెల్లోళ్లు రైళ్లు వేశారు కదా" అంటారు చూడు, ఇక్కడ రైలెక్కినప్పుడల్లా నాకు ఉల్టా అనిపిస్తుంది.

తర్వాతది విను. 1945 ఆగస్టు 17న ఇండోనేషియా స్వతంత్రం ప్రకటించుకుంది. డచ్చి వాళ్లు ఒప్పుకోలేదు, నాలుగేళ్లు సైన్యాన్ని దించారు. 1947లో రావాగెడె అనే ఊళ్లో మగవాళ్లని నిలబెట్టి కాల్చారు, ఆ వితంతువులకి 2011లో హేగ్ కోర్టు తీర్పు తర్వాత గానీ పరిహారం రాలేదు. 1949లో ఎట్టకేలకు వదిలి వెళ్లేటప్పుడు 430 కోట్ల గిల్డర్ల అప్పు ఇండోనేషియా నెత్తిన పెట్టారు. తన మీద యుద్ధం చేసినవాడి ఖర్చుతో సహా కట్టమని! 1956లో సుకర్ణో ప్రభుత్వం ఇక కట్టం అనేదాకా చాలా భాగం కట్టారు కూడా.

రిటైర్డ్_మాస్టారు:
ఇది ఇండోనేషియా ఒక్కదానితో పోలేదు నాయనా. హైతీలో బానిసలు తిరగబడి 1804లో స్వతంత్రులయ్యారు. ఫ్రాన్సు 1825లో యుద్ధ నౌకలు తెచ్చి నిలబెట్టి, "మీరు మా ఆస్తి కాబట్టి నష్టపరిహారం కట్టండి" అని 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది, తర్వాత 9 కోట్లకు తగ్గించింది. దానికోసం హైతీ మళ్లీ ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేసింది. ఆ అప్పులన్నీ తీరేసరికి 1947.

గుంటూరుకారం:
బానిసలు తమని తామే కొనుక్కున్నట్టు. దీని మీద వేరే థ్రెడ్ పెట్టండి మాస్టారు.

వేదిక నిర్వాహకులు:
పైన మూడు పోస్టులు తీసేశాం. దళారుల కులం గురించి ఇప్పటివాళ్లని తిట్టుకోవడం ఇక్కడ వద్దు. 17వ శతాబ్దంలో పులికాట్‌లో ఎవరో చేసినదానికి ఇక్కడి సభ్యులెవరూ జవాబుదారీ కాదు. విషయం మీద రాయండి.

మసాలాడబ్బా:
నాది చిన్న సందేహం. ఇప్పుడు జాజికాయ మన కేరళలో కూడా పండుతుంది కదా. డచ్చి వాళ్ల గుత్తాధిపత్యం ఎలా పోయింది మరి?

పాతపటాలు:
దొంగతనంతో పోయింది. గింజ మొలకెత్తకుండా సున్నంలో ముంచి అమ్మేవాళ్లు, ఎక్కడైనా అనుమతి లేని చెట్టు కనిపిస్తే నరికేసేవాళ్లు. లవంగం విషయంలో అయితే పడవల దండు వేసుకుని దీవుల చుట్టూ తిరిగి చెట్లు కొట్టడమే ఒక ఉద్యోగం. అయినా 1770 ప్రాంతంలో పియర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అధికారి పంపిన మనుషులు మొక్కలు, విత్తనాలు దొంగచాటుగా మారిషస్‌కు చేర్చారు. 1796లో, మళ్లీ 1810లో బండా బ్రిటిష్ వాళ్ల చేతిలో పడింది, వాళ్లు తిరిగి ఇచ్చే ముందు మొక్కల్ని పినాంగ్‌కు, శ్రీలంకకు తరలించారు. అక్కడితో బండా పని అయిపోయింది. తర్వాత కరీబియన్‌లో గ్రెనడాకి చేరింది, వాళ్ల దేశ జెండా మీద ఇప్పుడు జాజికాయ ఉంటుంది, చూడండి.

బండాలో తోట పని మాత్రం మారలేదు. డచ్చి ఇండీస్‌లో (ఇప్పటి ఇండోనేషియా) బానిసత్వం 1860లో రద్దు అయ్యాక అదే తోటల్లో ఖైదీలూ ఒప్పందం కూలీలూ వచ్చారు.

బందరుకోట:
ఇంతకీ బండా అసలు జనం ఎవరైనా మిగిలారా?

డెల్ఫ్ట్_నుంచి:
మిగిలారు. 1621లో పడవల్లో పారిపోయినవాళ్ల సంతతి కేయి దీవుల్లో రెండు ఊళ్లలో ఉన్నారు, బండా ఎలి, బండా ఎలాత్ అని ఊళ్ల పేర్లే బండా. పాత బండా భాష ఇప్పుడు మాట్లాడేది వాళ్లే, బండాలో ఎవరికీ రాదు. బండాలో ఇప్పుడున్నవాళ్లు తర్వాత తెచ్చినవాళ్లు, వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. వాళ్లూ ఇప్పుడు బండా వాళ్లే, నాలుగొందల ఏళ్లయింది.

ఇంకో విశేషం, స్వాతంత్ర్య నాయకులు హట్టా, షహ్రీర్ ఇద్దర్నీ డచ్చి వాళ్లు 1936లో బండా నెయిరాకే ప్రవాసం పంపారు, 1942 దాకా అక్కడే ఉన్నారు. ఊరి పిల్లలకి చదువు చెప్పేవాళ్లు. హట్టా తర్వాత దేశానికి మొదటి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ మొదటి ప్రధాని. అక్కడ ఒక దీవికి ఇప్పుడు హట్టా పేరు, ఇంకోదానికి షహ్రీర్ పేరు పెట్టారు.

సూటిగా:
నేను మొదట వేరే మూడ్‌లో వచ్చా గానీ ఒకటి మిగిలింది. ఇదంతా చేసింది కంపెనీ కదా. కంపెనీ మూతపడితే బాధ్యత కూడా మూతపడ్డట్టేనా? ఇప్పటి కంపెనీలు చేసే పని అదే కాబట్టి అడుగుతున్నా, ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే పేరు మార్చి ఇంకో కంపెనీ పెడతారు.

పాతపటాలు:
వీఓసీ విషయంలో రికార్డు స్పష్టంగానే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి కంపెనీ అప్పుల్లో మునిగింది, 1799 డిసెంబరు 31తో లైసెన్సు ముగిసింది. అప్పులు, ఆస్తులు, కోటలు, దీవులు అన్నీ డచ్చి ప్రభుత్వమే తీసుకుంది. అలా తీసుకున్నవాటిలో మన భీమిలి, పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురం కూడా ఉన్నాయి. 1824లో లండన్‌లో కూర్చుని బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం రాసుకుని, 1825లో వీటిని వాళ్లకి అప్పగించారు, మలక్కా కూడా ఇచ్చారు, బదులుగా సుమత్రాలో బెంకూలెన్ తీసుకున్నారు. ఆస్తులు ప్రభుత్వం తీసుకున్నప్పుడు బాధ్యత మాత్రం కంపెనీతో పోయింది అనడం కుదరదు, కనీసం నా లెక్కలో.

సూటిగా:
అంటే భీమిలి ఇచ్చి బెంకూలెన్ కొన్నారా. సరే, హైతీ థ్రెడ్ ఎవరు పెడుతున్నారు? మాస్టారు పెడితే నేను వాదించడానికి వస్తా.